తోరియా మొక్కకి పూలు నిండుగా వచ్చి గింజలెందుకు రావు? ఆవాల్లో రకాల గొడవ ఒకసారి విప్పి చూద్దాం

తోరియా అంటే నూనె కోసం పండించే ఒక రకం ఆవ. కుండీలో ఒక్కటంటే ఒక్క తోరియా మొక్కని పెంచితే అది నడుమెత్తు పెరుగుతుంది, గుత్తులు గుత్తులుగా పసుపు పూలు పూస్తుంది, తేనెటీగలు కూడా వచ్చి వాల్తాయి, కానీ గింజ కట్టదు. మేడమీద రెండేళ్ళు ఆవాలు వేసాక గానీ ఈ సంగతి నాకు అర్థం కాలేదు. మొదటి ఏడు పోపులడబ్బాలోంచి చిటికెడు ఆవాలు తీసి గ్రోబ్యాగ్‌లో చల్లా, పావురాలు తినగా మూడు మొక్కలు మిగిలాయి, ఆ మూడింటికీ కాయలు నిండుగా కాసాయి. రెండో ఏడు మా ఆఫీసులో పనిచేసే అస్సాం అమ్మాయి ఇంటికెళ్ళొస్తూ వాళ్ళ పొలంలో పండిన తోరియా గింజలు చిన్న పొట్లం కట్టి తెచ్చిచ్చింది, అక్కడ వరి కోసేసాక అదే పొలంలో తోరియా వేస్తారు, తక్కువ రోజుల పంట కాబట్టి తర్వాతి పంటకి పొలం తొందరగా ఖాళీ అవుతుంది. ఆ గింజలు వేస్తే ఈసారి ఒక్క మొక్కే దక్కింది. మొదటి ఏటి మొక్కల కంటే ఇదే అందంగా పూసింది, నెల తిరిగాక చూస్తే పిందెలన్నీ పొట్టిగా, సన్నగా, లోపల ఏమీ లేకుండా పసుపెక్కి రాలిపోతున్నాయి.

ఎరువు తక్కువైందేమో అనుకున్నా, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకున్నా, ఏదో తెగులు పట్టిందేమో అని ఆకులు తిప్పి తిప్పి చూసా. కారణం ఇవేవీ కాదు. రెండేళ్ళూ నేను వేసింది "ఆవాలే" గానీ అవి రెండూ వేరువేరు జాతుల మొక్కలు.

మన భాషలో ఆవాలు అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు మొక్కలున్నాయి, హిందీ వాళ్ళయితే రాయి, సర్సోం, తోరియా అని కొంతవరకు విడదీసి పిలుస్తారు, మనకి ఆ పంట పెద్దగా లేదు కాబట్టి ఆ అవసరం రాలేదు. మన పోపుల్లో చిటపటలాడే ముదురు గోధుమరంగు ఆవాలు బ్రాసికా జుంసియా అనే జాతి. ప్యాకెట్ మీద నల్ల ఆవాలు అని రాసున్నా లోపల ఉండేది దాదాపు ఎప్పుడూ ఇదే. అసలు సిసలు నల్ల ఆవ వేరే ఉంది, బ్రాసికా నైగ్రా, గింజ ఇంకా చిన్నది, మొక్క మనిషికంటే ఎత్తు పెరుగుతుంది, కాయ ఎండగానే పగిలి గింజ నేలపాలైపోతుంది, మెషీన్లతో కోతలు మొదలయ్యాక యూరప్ రైతులు కూడా దాన్ని వదిలేసి జుంసియాకి మారిపోయారు. మూడోది, ఇంగ్లీషులో ఫీల్డ్ మస్టర్డ్ అనేది, బ్రాసికా రాపా. మన దేశంలో తోరియా, గోధుమరంగు సర్సోం, పచ్చ సర్సోం (పసుపు గింజది) ఇవన్నీ ఈ రాపాయే. నాలుగోది విదేశాల్లో హాట్‌డాగ్ మీద పిండే పసుపు మస్టర్డ్ తయారుచేసే తెల్ల ఆవ, అది సినాపిస్ ఆల్బా. సూపర్ మార్కెట్లో "ఎల్లో మస్టర్డ్" అని రాసున్న ప్యాకెట్లో ఉన్నది పచ్చ సర్సోం అయ్యుండొచ్చు, జుంసియాలోనే పసుపు గింజ రకం అయ్యుండొచ్చు, బయటి దేశాల్లో కొంటే తెల్ల ఆవ అయ్యుండొచ్చు, గింజ రంగు చూసి జాతి చెప్పడం మాత్రం కుదరదు.

ఇంకో పొరపాటు కూడా ఇక్కడే చెప్పేస్తా. చలికాలంలో అరకు వెళ్ళి పసుపు పూల తోటల్లో ఫోటోలు దిగి ఆవ తోటలు అని పెడుతుంటారు కదా, అవి ఆవ కాదు, వలిసెలు. పొద్దుతిరుగుడు కుటుంబం. పువ్వు దగ్గరగా చూస్తే చిన్న పొద్దుతిరుగుడు పువ్వులాగే ఉంటుంది. ఆవ పువ్వుకి సరిగ్గా నాలుగే రేకులు, ఎదురెదురుగా ప్లస్ గుర్తులా ఉంటాయి.

సరే, ఫీల్డ్ మస్టర్డ్ దగ్గరికొద్దాం. దీని గురించి నెట్‌లో వెతికితే తలనొప్పి ఎందుకొస్తుందంటే బ్రాసికా రాపా అని కొడితే ఒకచోట టర్నిప్ దుంప కనపడుతుంది, ఇంకోచోట బాక్‌చాయ్ కనపడుతుంది, మరోచోట చైనీస్ క్యాబేజీ. ఫోటోలు తప్పు కాదు. అవన్నీ ఒకే జాతి! ఒకచోట మనుషులు తరతరాలుగా దుంప లావుగా ఉన్న మొక్కల విత్తనాలే దాచుకుంటూ వచ్చారు, అది టర్నిప్ అయింది. ఇంకోచోట ఆకు మెత్తగా ఉన్నవి దాచుకున్నారు, బాక్‌చాయ్ అయింది. మన దేశంలో గింజ ఎక్కువ, నూనె ఎక్కువ ఉన్నవి దాచుకున్నారు, తోరియా, సర్సోం అయ్యాయి. చూడ్డానికి పోలికే లేని ఈ మొక్కలు పక్కపక్కన పూస్తే ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటుకుని చక్కగా గింజ కడతాయి, అంటే మీరు మేడమీద బాక్‌చాయ్ వేసి దాన్ని కోయకుండా వదిలేసి అది పూతకొచ్చిందనుకోండి, అదే టైముకి పక్కన తోరియా పూసిందనుకోండి, ఆ ఏడు మీరు దాచిన విత్తనం వచ్చే ఏడు ఏ ఆకారంలో వస్తుందో చెప్పలేం. తినడానికైతే పర్లేదు, విత్తనానికి మాత్రం పనికిరాదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ పక్కన ఉంటే భయం లేదు, వాటి జాతి వేరు, మామూలుగా కలవవు.

మరి ఈ ఫీల్డ్ మస్టర్డ్‌కీ మన పోపు ఆవాలకీ చుట్టరికం ఏంటి అంటే, తల్లీ పిల్లల చుట్టరికం. 1935లో ఊ జాంగ్ చున్ అనే శాస్త్రవేత్త, తండ్రి కొరియా, తల్లి జపాన్, ఈ మొక్కల క్రోమోజోములు లెక్కపెట్టి ఒక త్రికోణం గీసి చూపించాడు. రాపాలో 10 జతలు, నైగ్రాలో 8 జతలు, క్యాబేజీ జాతిలో 9 జతలు. మన పోపు ఆవాల్లో 18 జతలు. పదీ ఎనిమిదీ కలిపితే ఎంతో చూడండి. అంటే ఎప్పుడో వేల ఏళ్ళ కింద ఫీల్డ్ మస్టర్డ్, నల్ల ఆవ పక్కపక్కన పూసి, రెండూ కలిసి, ఇద్దరి క్రోమోజోములూ మొత్తంగా పిల్లకి వచ్చేసి కొత్త జాతి పుట్టింది, అందులో తల్లి వైపు ఫీల్డ్ మస్టర్డే అని తర్వాత వచ్చిన పరిశోధనల్లో తేలింది. అలాగే రాపా, క్యాబేజీ జాతి కలిస్తే 19 జతల కనోలా మొక్క పుట్టింది. మనం పులిహోర పోపులో వేసే గింజ క్రోమోజోముల్లో సగానికి పైగా తోరియా జాతి నుంచి వచ్చినవేనని తెలిసాక నాకు ఆ మొక్క మీద ఇంకాస్త ప్రేమ పుట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్న, గింజ ఎందుకు కట్టలేదు. తోరియా మొక్క తన పుప్పొడిని తానే ఒప్పుకోదు. మనకి సగోత్రం అయితే సంబంధం కలవదంటారు కదా, ఈ మొక్కలో అచ్చం అదే పట్టింపు ఉంది, కాకపోతే ఇక్కడ పెద్దలెవరూ కూర్చుని గోత్రాలు అడగరు, పువ్వే అడుగుతుంది. ప్రతి మొక్కలో ఒక గుర్తింపు జన్యువుల జంట ఉంటుంది, దాని వల్ల పుప్పొడి రేణువు పైన ఒక చిన్న ప్రొటీన్ అంటుకుని ఉంటుంది, కీలాగ్రం (పువ్వు మధ్యలో పుప్పొడి వాలే కొన) మీద దాన్ని పట్టుకునే ఇంకో ప్రొటీన్ ఉంటుంది, రెండూ ఒకే గుర్తు అయితే ఆ రేణువుకి నీళ్ళు అందవు, అది మొలకెత్తదు, అక్కడితో అయిపోయింది. వేరే గుర్తున్న మొక్క నుంచి వచ్చిన రేణువుకైతే దారి తెరుచుకుంటుంది. అందుకే ఒంటరి మొక్క మీద తేనెటీగ వంద పూలు తిరిగినా లాభం లేదు, అది ఒకే ఇంట్లో తిరుగుతున్నట్టే లెక్క.

జుంసియాకి ఈ పట్టింపు లేదు, తన పుప్పొడితో తానే గింజ కట్టేస్తుంది, అందుకే నా పోపుడబ్బా మొక్కలు మూడే ఉన్నా నిండుగా కాసాయి. రాపాలోనే పచ్చ సర్సోంకి కూడా లేదు. కాబట్టి జాగా తక్కువున్నవాళ్ళు ఫీల్డ్ మస్టర్డ్ పెంచాలని ముచ్చటపడితే పచ్చ సర్సోం తెచ్చుకోవడం మేలు, తోరియాయే కావాలంటే ఒక గ్రోబ్యాగ్‌లో కాకుండా మూడు నాలుగింటిలో కలిపి కనీసం పది పన్నెండు మొక్కలు ఉండేట్టు చూసుకోవాలి. అన్నీ ఒకేసారి విత్తాలి, ఒకటి పూత అయిపోయాక ఇంకోటి పూస్తే ఉపయోగం లేదు. మీ అపార్ట్‌మెంట్ ఎత్తుకి తేనెటీగలు రాకపోతే పొద్దున్నే బాగా విచ్చుకున్న ఒక పువ్వు తుంపి దాని కేసరాలు పక్క మొక్క పూల మధ్యలో ఆనించండి, అంతే, బ్రష్ కూడా అక్కర్లేదు.

ఒక్క మొక్కే మిగిలిపోయిన వాళ్ళకి కూడా ఒక దారుంది, విత్తన పరిశోధన చేసేవాళ్ళు వాడే పద్ధతే. ఆ గుర్తింపు కాపలా పువ్వు విచ్చుకునే ముందు రోజుల్లోనే తయారవుతుంది, ఇంకా మూడు నాలుగు రోజుల్లో విచ్చుకోబోయే లేత మొగ్గలో అది ఇంకా ఉండదు. ఆ మొగ్గని సన్నటి పట్టకారుతో జాగ్రత్తగా విప్పి, అదే మొక్క మీద విచ్చుకున్న పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి అంటిస్తే గింజ కడుతుంది. ఓపిక కావాలి, చేతులు వణక్కూడదు. ఇది విత్తనం పోకుండా కాపాడుకోడానికే గానీ వంటకి సరిపడా గింజలు రావడానికి కాదు.

మొక్క చూసి ఏ జాతో చెప్పే గుర్తు ఒకటుంది, ఇది తెలిస్తే ఇంక గందరగోళం ఉండదు. పూతకొచ్చిన మొక్కలో పై ఆకులు చూడండి. ఫీల్డ్ మస్టర్డ్‌లో పై ఆకుకి కాడ ఉండదు, ఆకు మొదలు రెండు చెవుల్లా విడిపోయి కాండాన్ని కావలించుకుని ఉంటుంది. జుంసియాలో పై ఆకుకి కూడా చిన్న కాడ ఉంటుంది, కాండాన్ని చుట్టుకోదు. అసలు నల్ల ఆవలో కాయలు పొట్టిగా ఉండి కాండానికి అతుక్కున్నట్టు నిటారుగా నిలబడతాయి. ఇంకోటి, ఫీల్డ్ మస్టర్డ్ గుత్తిలో విచ్చుకున్న పూలు మొగ్గల కంటే పైకి ఉంటాయి, మొగ్గలు కింద నక్కినట్టు కనపడతాయి.

ఇక పెంచడం. మన రెండు రాష్ట్రాల్లో ఆవ పెద్ద పంట ఎందుకు కాలేదో అర్థమైతే ఎప్పుడు విత్తాలో కూడా అర్థమవుతుంది. ఆవాలు ఎక్కువ పండేది రాజస్థాన్‌లో, అక్కడ భరత్‌పూర్‌లో ఈ పంట కోసమే కేంద్ర పరిశోధన సంస్థ ఉంది, అక్కడి చలికాలం పొడుగ్గా ఉంటుంది. మనకి సంక్రాంతి దాటితే ఎండ మొదలు. పూత, గింజ పాలు పోసుకునే టైములో పగలు 30 డిగ్రీలు దాటిందంటే పూలు రాలతాయి, గింజ తాలుగా మిగిలిపోతుంది. కాబట్టి వర్షాలు తగ్గాక, అక్టోబర్ రెండో సగం నుంచి నవంబర్ మొదటి వారం లోపల విత్తేయాలి. తోరియా మూడు నెలల లోపే అయిపోతుంది కాబట్టి మన పొట్టి చలికాలానికి అదే సరిపోతుంది, జుంసియా ఇంకో నెలకి పైగా తీసుకుంటుంది. హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు, ఏజెన్సీ కొండల మీద రాత్రి చలి బాగుంటుంది కాబట్టి తేలిక, విజయవాడ, రాజమండ్రి వైపు అయితే ఒక్క వారం కూడా ఆలస్యం చేయొద్దు. టర్నిప్‌లాంటి చలిదేశాల రకాలకి పూత రావాలంటే కొన్ని వారాల చలి తగలాలి, తోరియాకి ఆ అవసరం లేదు, అదొక అదృష్టం.

మట్టి గురించి పెద్ద పట్టింపు లేదు, ఎర్రమట్టి సగం, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీ కంపోస్టో సగం, నీళ్ళు నిలవకూడదు, రోజుకి ఐదారు గంటల ఎండ తగలాలి. గింజ సెంటీమీటరు లోతుకి మించి వద్దు. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది, అప్పుడే పావురాల బాధ, పైన పాత దోమతెర కప్పండి, మొక్క నాలుగు ఆకులేసాక తీసేయొచ్చు. జానెడు దూరానికి ఒకటి ఉంచి మిగతావి పీకేసి పప్పులో వేసుకోండి, ఆ లేత ఆకు కొంచెం ఘాటుగా భలే ఉంటుంది. ఆవకి గంధకం ఎక్కువ కావాలి, ఆ ఘాటు గంధకం నుంచే వస్తుంది, కాబట్టి విత్తేముందు గ్రోబ్యాగ్‌కి ఒక చెంచా జిప్సం కలిపితే మంచిది. ఒక్క హెచ్చరిక, పొలానికి అమ్మే విత్తనం మీద మందు పట్టించి ఉంటుంది, రంగు కూడా ఉంటుంది, ఆ గింజలతో మొలకలు, మైక్రోగ్రీన్స్ చేసుకుని తినకండి. పోపులడబ్బా గింజలైతే ఆ భయం లేదు, బాగానే మొలుస్తాయి కూడా.

పురుగుల్లో అసలు శత్రువు పేనుబంక. పూత గుత్తి మీద బూడిద చల్లినట్టు కనపడిందంటే అదే. రెండు రోజులు చూడకపోతే గుత్తి మొత్తం ముడుచుకుపోతుంది. మొదట్లోనే ఆ కొన తుంచి పారేయడం, నీళ్ళు గట్టిగా కొట్టడం, లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట స్ప్రే చేయడం, ఇవి చాలు. పొద్దున పూట మాత్రం కొట్టొద్దు, తేనెటీగలు తిరిగే వేళ అది, తోరియాకి వాటితోనే కదా పని. అక్షింతల పురుగులు (చుక్కల రెక్కల లేడీబర్డ్‌లు) కనపడితే అసలు ఏదీ కొట్టకండి, ఒక్కో పురుగు రోజూ పదుల కొద్దీ పేనుబంకని తినేస్తుంది, వాటి పిల్లలు చిన్న మొసళ్ళలా వికారంగా ఉంటాయి, వాటినే చాలామంది పురుగనుకుని చంపేస్తారు, అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది. ఆకు అడుగున తెల్లటి పొక్కులొస్తే తెల్ల తుప్పు, ఆ ఆకులు తీసి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు.

కాయలు ముప్పాతిక వంతు పసుపెక్కగానే పొద్దున్నే, మంచు తడి ఉండగా కోయాలి, ఎండెక్కాక కోస్తే చేతిలోనే పగిలి గింజ రాలిపోతుంది. పాత చీర మీద నాలుగైదు రోజులు ఆరబెట్టి, కర్రతో తట్టి, చేటలో చెరిగితే సరి. కుండీల్లో బ్రహ్మదండి మొక్క ఉంటే మాత్రం ముందే పీకేయండి, ముళ్ళ ఆకులు, పసుపు పువ్వు, తుంచితే పసుపు పాలు కారుతుంది, దాని గింజ చూడ్డానికి ఆవగింజలాగే ఉంటుంది, విషం. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె ఆవనూనెలో కలిసి 60 మందికి పైగా చనిపోయారు.

కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళకి ఒక మాట. ఫిబ్రవరి, మార్చిలో అక్కడ కొండలు పసుపెక్కి కనపడతాయి కదా, అందులో చాలావరకు ఈ ఫీల్డ్ మస్టర్డ్, నల్ల ఆవే, కానీ అక్కడ అది కలుపు మొక్క, పెరట్లో వేస్తే కాయ పగలకముందే కోసేయండి. ఈ మొక్క ఎంత తొందరగా మారగలదో చూపించిన ఒక పరిశోధన కూడా అక్కడిదే. దక్షిణ కాలిఫోర్నియాలో 2000 నుంచి 2004 దాకా కరువొచ్చింది. 1997లో ఏరి దాచిన గింజలు, కరువు తర్వాత 2004లో ఏరిన గింజలు పక్కపక్కన పెంచి చూస్తే కరువు చూసిన గింజల మొక్కలు కొన్ని రోజులు ముందే పూసాయి, ఆ పరిశోధన 2007లో వచ్చింది. తడి ఆరకముందే పూసి గింజ కట్టినవే బతికి బట్టకట్టాయి, వాటి పిల్లలకీ అదే గుణం వచ్చింది, అదంతా ఏడేళ్ళలోనే. ఇది చదివాక నేను విత్తనం దాచే పద్ధతి మార్చేసా, ముందు పూసి ముందు కాసిన మొక్కలకి దారం కట్టి వాటి గింజలు వేరుగా తీస్తున్నా, మన ఎండకి అవే తట్టుకుంటాయని. కాకపోతే ఒక్క మొక్క గింజలే దాస్తే తర్వాతి తరం నీరసపడుతుంది, గుర్తులన్నీ ఒకటైపోయి మళ్ళీ ఆ సగోత్రం సమస్యే వస్తుంది, అందుకే కనీసం పది మొక్కల గింజలు కలిపి దాచాలి, ఇంకో ఇంట్లో పండిన గింజలు కొన్ని కలుపుకుంటే ఇంకా మంచిది.

పోయిన చలికాలం పన్నెండు తోరియా మొక్కలకి 48 గ్రాములు వచ్చాయి. మా అమ్మ అందులో రెండు చెంచాలు నూరి అరటికాయకి ఆవ పెట్టింది. ఆవగింజ నోట్లో అలాగే మింగితే ఏ ఘాటూ ఉండదు, ఘాటు పదార్థమూ దాన్ని తయారుచేసే ఎంజైమూ గింజలో వేరువేరు గదుల్లో ఉంటాయి, నూరి నీళ్ళు తగిలితేనే రెండూ కలిసి నషాళానికి ఎక్కే ఆ వాయువు పుడుతుంది, పది నిమిషాల్లో బాగా పైకొచ్చి తర్వాత తగ్గిపోతుంది. వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది, అందుకే పోపులో వేగిన ఆవాలకి కమ్మదనమే గానీ ఘాటు ఉండదు, అందుకే ఆవ ముద్దని మన పెద్దవాళ్ళు పొయ్యి మీదనుంచి దించాకే కూరలో కలుపుతారు, ఆవకాయలో కూడా పచ్చి ఆవపిండే వేస్తారు. తోరియాలో ఆ పదార్థం కొంచెం వేరు, మామూలు ఆవ ఘాటు ఇచ్చే సినిగ్రిన్ దాదాపు ఉండదు, దాని బదులు గ్లూకోనాపిన్ ఉంటుంది, కాబట్టి ముక్కుని అంత గట్టిగా పట్టదు. అమ్మకి ఇవేవీ చెప్పలేదు నేను. ఒక ముద్ద తిని, "ఇది మన ఆవ కాదే, వాసన వేరు, కానీ కూరకి బాగుంది, ఆవకాయకి మాత్రం చాలదు" అంది.

మిగతా గింజల్లో పది గ్రాములు పొట్లం కట్టి ఆ అస్సాం అమ్మాయికిచ్చా, మిగిలినవి కాగితం కవర్లో పోసి తేదీ రాసి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టా, అక్టోబర్ దాకా.